దేవుని బియ్యం

మళ్ళీ వచ్చింది మూర్ఛ.

గురువారం, శుక్రవారం రెండు రోజులూ ఒక్కసారి కూడా రాలేదు. శనివారం మధ్యాహ్నం ఉపవాసం విడిచి, ఆరేళ్ళ ప్రేమలీల నోట్లో నాలుగు చెంచాల గంజి పోసి, స్తుతి పాట పాడి, పీడ వదిలిందని కళ్ళు తుడుచుకుంటూ ఆడవాళ్ళు ఇళ్ళకు పోయి గంటన్నర కాలేదు. చాప మీద నిద్రపోతున్న పిల్ల ఉన్నట్టుండి కాళ్ళు బిగదీసింది. కళ్ళు పైకి తేలిపోయాయి. పళ్ళు గిట్టకరుచుకున్నాయి.

తల్లి జయశీల పిల్ల తలను రెండు చేతులా పొదివి పట్టుకుంది. ప్రార్థన జరిగిన ఆ ఇంటి ఇల్లాలు ఎలిశబెతు కాళ్ళు పట్టుకుంది. పట్టుకున్న చేతులు పిల్ల కాళ్ళకంటే ఎక్కువగా వణుకుతున్నాయి. అది ఎవరూ గమనించలేదు. గమనించినా, ఎంత జాలిగుండె అనుకుని ఉండేవాళ్ళు. పాలెంలో ఎలిశబెతుకు అటువంటి పేరుంది మరి.

గుమ్మంలో నిలబడి ఉన్నాడు సమాధానం. ఎలిశబెతు భర్త, బడిలో అయ్యవారు, చర్చిలో సంఘపెద్ద. మూడు రోజులుగా మంచినీళ్ళు తప్ప ముట్టకుండా ఆ పిల్ల కోసం మోకాళ్ళ మీద ఉన్న మనిషి. ఆయన మంచివాడు కాదని ఎవరూ అనలేరు. అదే వచ్చిన చిక్కు. ఆయనకు ఒక సంగతి తోచిందంటే ఇక రెండో సంగతి తోచదు.

మూర్ఛ తగ్గి పిల్ల ఒళ్ళు వదులయ్యేదాకా ఆగి, నెమ్మదిగా అడిగాడు.

“రెండు రోజులు పోయింది, మళ్ళీ వచ్చిందంటే ఆ దయ్యానికి ఎవరో దారి ఇచ్చి ఉండాల. ఏం దాచినావు జయశీలా?”

“నేనేం దాచలా అయ్యవారా.”

దాచిందనే పాలెమంతా అనుకుంటోంది. పోయిన వారం గంగులయ్య ఇంటి ముందు ఆమె నిలబడి ఉండగా ఇద్దరు చూశారు. గంగులయ్య తాయెత్తులు కడతాడు. మజ్జిగ కోసం పోయానని జయశీల చెప్పింది. మొగుడు పోయి మూడేళ్ళయింది, నాట్లకూ కోతలకూ పోయి పిల్లను సాకుతోంది, ఆమె మజ్జిగకు కాక ఇంకెందుకు పోతుంది? కానీ మూర్ఛకు ఒక కారణం కావాలి. మజ్జిగ కారణం కాదు, తాయెత్తు కారణమవుతుంది. అందరూ దాన్నే పట్టుకున్నారు.

ఒప్పుకోకపోతే రేపు ఆదివారం ఆమెను ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వకూడదని పెద్దలు ముందే అనుకున్నారు. అందరూ రొట్టె తీసుకుంటుంటే ఆమె చర్చి బయట నిలబడాలి. ఆ మాట సమాధానం ఇప్పుడు చెప్పాడు. సాయంత్రం పాస్టరుగారు వస్తారనీ, ఈలోగా మనసు విప్పుకోమనీ చెప్పాడు. తల్లి ఒప్పుకోలులోనే బిడ్డ ప్రాణం ఉందన్నాడు. జయశీల పిల్ల నోటి చివర నురగను కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

ఎలిశబెతు లేచి పెరట్లోకి పోయింది. అప్పుడే నాయుడుపేట నుంచి వచ్చిన ఆమె తమ్ముడు హెబ్రోను తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నిన్న బస్సులో పోయేవాళ్ళ చేత ఆమే కబురు చేసింది, ఉన్నపళంగా రమ్మని. అతను ఆమె ముఖం చూసి, ఏమైందని అడగబోయాడు. ఆమె చేయి పట్టుకుని వంటపాకలోకి లాక్కుపోయి తడిక వేసింది.

వంటపాక మూలన రేకు డబ్బా ఉంది. నడుమెత్తు ఉంటుంది. ఆ పాలెంలో ఏ ఇంట్లోనైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క ముంతలో వేస్తారు. తమకు చాలకపోయినా వేస్తారు. వారానికొకసారి ఆ ముంతలన్నీ వచ్చి ఈ డబ్బాలో పడతాయి. పాస్టరుకింత, దిక్కులేని విధవరాళ్ళకింత, చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకింత. అవి దేవుని బియ్యం. పదిహేనేళ్ళుగా ఆ డబ్బా ఎలిశబెతు చేతి కింద ఉంది. తన పెళ్ళినాటి చీరలనైనా అంత భద్రంగా చూసుకోలేదామె.

నలభై ఇళ్ళ బియ్యం ఒకచోట చేరితే పురుగు పట్టకుండా ఎట్లా ఉంటుంది? పట్టేది. ఎండబోసేది, చెరిగేది, వేపాకు వేసేది. అయినా పట్టేది. దేవుని బియ్యంలో పురుగు అనే మాట వింటే ఆమెకు తల కొట్టేసినట్టుండేది. పోయినేడు హెబ్రోను తను పనిచేసే పురుగుమందుల గోడౌను నుంచి ఒక పొడి తెచ్చి ఇచ్చాడు. ఎక్కడో కొండల మీద పూచే చామంతి వంటి పూలను ఎండబెట్టి దంచిన పొడి అట. పురుగులకు పడదు, మనుషులకేమీ కాదు అన్నాడు. పూలే కదా అని ఆమె బియ్యంలో కలిపింది. పురుగు పోయింది. బియ్యం కడిగిన నీళ్ళు పోసిన గుంటలో చేపపిల్లలు తెల్లగా తేలినమాట నిజమే. హెబ్రోనును అడిగితే, ఆ పూలు చేపలకు అసలు పడవన్నాడు. చేపలకేగా అని ఆమె ఊరుకుంది. అంతకుమించి ఏమీ కాలేదు కూడా.

ఈ ఏడు మళ్ళీ అడిగింది. మూడు వారాల కిందట అతను కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. ఆమె మళ్ళీ కలిపింది. ఆ బియ్యంలోంచే జయశీలకు రెండు వారాల వంతు పోసింది, ఇంకో ముగ్గురు విధవరాళ్ళకూ పోసింది. పాస్టరుగారి వంతు ఇంకా పంపలేదు.

“పొట్లంలో ఏం కట్టినావు రా?” అంది ఎలిశబెతు, గొంతు తగ్గించి.

“మందు.”

“ఏం మందు? పోయినేటి పూల పొడేనా?”

హెబ్రోను డబ్బా వైపు చూశాడు. పోయి మూత తీశాడు. ముఖం లోపల పెట్టి వాసన చూసి, గబుక్కున తల పైకెత్తాడు.

“అక్కా, ఇది లోపల కలిపినావా?”

“కలపక?”

“పూల పొడి అయిపోయింది. ఇది బి.హెచ్.సి. వేరుశెనగ చేలల్లో పురుగుకు చల్లే విషం.” అతను చప్పున మూత పెట్టాడు. “డబ్బా చుట్టూ నేల మీద చల్లుకోమని చెప్పినా గదక్కా. ఇది పూలది కాదు, బియ్యంలో కలపబాక అని చెప్పినా. నువ్వు కాగులో నీళ్ళు పోస్తా ఊఁ అన్నావు.”

ఎలిశబెతుకు గుర్తొచ్చింది. చెప్పాడు. నిజంగానే చెప్పాడు. ఆమె ఊఁ అంది. ఆరోజు ఇంటి నిండా చుట్టాలు, పొయ్యి మీద కూర మాడుతోంది, కాగులో నీళ్ళు పడుతున్నాయి. తమ్ముడి మాట చెవిన పడింది, తలలోకి పోలేదు. మరునాడు చేతులు పోయినేడు చేసినట్టే చేశాయి. బూజు వంటి వాసన వచ్చింది కూడా. పాత కాగితం వాసనేమో అనుకుంది.

ఆ బూజు వాసన జయశీలకూ వచ్చి ఉంటుంది. ఒక్క మాట అనలేదు. అంటే దేవుని బియ్యానికి వంక పెట్టినట్టవుతుంది. పారబోయడమా, అది అంతకన్నా పాపం. కడుక్కుని వండి, బిడ్డకు ముందు పెట్టి, మిగిలింది తను తిన్నది. పెద్ద ఒళ్ళు కనక తల్లికి తల తిప్పడంతో పోయింది. పిల్ల ఒళ్ళు ఓర్చుకోలేదు.

“మూర్ఛలు దీనివేనా?” అంది ఎలిశబెతు. అడిగిందే కానీ, అతను ఏం చెబుతాడో ఆమెకు తెలుసు.

దీనివేనన్నాడు. గోడౌనులో మూట చిరిగి మీద పడిన కూలీ ఒకడు ఇట్లాగే కొట్టుకున్నాడనీ, ఆసుపత్రిలో పెడితే వారానికి తేరుకున్నాడనీ చెప్పాడు. ఉపవాసం ఉన్న రెండు రోజులూ పిల్లకు ఎందుకు రాలేదో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు. ఆ రెండు రోజులూ బెల్లం నీళ్ళు తప్ప ఆ పిల్ల ఏమీ తినలేదు. దయ్యం పోలేదు, గంజి పోయింది. మధ్యాహ్నం గంజి వచ్చింది, అదీ వచ్చింది.

హెబ్రోనుకు ఒక సంగతి అంతుపట్టలేదు. “నన్ను నిన్ననే ఎందుకు రమ్మని కబురు పంపినావు? నీకు ముందే అనుమానం వచ్చిందా?”

ఆమె పొయ్యి దగ్గర కూలబడింది. ఎవరితోనూ అనని మాట తమ్ముడితో అంది. గురువారం పొద్దున ఆ డబ్బాలో బియ్యం చెరిగి నూకలు కోళ్ళకు వేసింది. మధ్యాహ్నానికి రెండు పెట్టలు మెడలు వంకర్లు తిప్పి, గిరగిరా తిరిగి, పడి చచ్చాయి. అచ్చం పిల్ల కొట్టుకున్నట్టే కొట్టుకున్నాయి. అవి చూస్తూ ఆమె పెరట్లో నిలబడిపోయింది. లోపల అందరూ పెద్దగా ప్రార్థన చేస్తున్నారు. కొక్కెర తెగులు తగిలిందని భర్తకు చెప్పి పూడ్చిపెట్టించింది.

“గురువారమా?” అన్నాడు హెబ్రోను. “మరి ఈరోజు గంజి ఎవరు కాసినారు?”

ఎలిశబెతు కొంగుతో ముఖం కప్పుకుంది.

కాసింది ఆమే. ఎవరి కోసం ఉపవాసం ఉన్నారో వాళ్ళ నోట్లో దేవుని బియ్యపు గంజి పోసే విడవాలన్నది వాడుక. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే చెప్పాలి. చెప్పలేక ఏడు నీళ్ళు కడిగింది. చేతులు మంటపుట్టేదాకా కడిగింది. ఇంత కడిగాక ఏం ఉంటుందిలే అనుకుంది, పోయినేడు ఏమీ కాలేదు కదా అనుకుంది, కోళ్ళది తెగులేనేమో అనుకుంది. తనను తాను ఎన్ని విధాల మభ్యపెట్టుకోవచ్చో అన్ని విధాలా పెట్టుకుంది. చెంచా పిల్ల నోటికి పోతుంటే మాత్రం అటు చూడలేక పొయ్యిలో కట్టెలు సర్దుకుంటూ కూర్చుంది.

“చెప్పేద్దాం పా,” అన్నాడు హెబ్రోను.

“నువ్వు గోడౌనులో అడక్కుండా తెచ్చినావు. నీ పని పోతుంది. నీ భార్యకు ఏడో నెల.”

“పోతే పోనీ. కూలికి పోతా. ఆడ బిడ్డ చస్తా ఉంటే నా పనేందక్కా.”

మూడు రోజులుగా ఆమె నోరు నొక్కి పట్టుకున్నది తమ్ముడి పని కోసమేనని తనకు తాను చెప్పుకుంది. ఆ సాకు కాస్తా ఇప్పుడు పోయింది. మిగిలింది తన పేరొక్కటే. పదిహేనేళ్ళుగా సంపాదించుకున్న పేరు. దాని కోసం పరాయి బిడ్డకు విషం పోసిందా? ఆ మాట అట్లా విడిగా కనబడేసరికి ఎలిశబెతుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇంటి లోపలి నుంచి పాట వినిపించింది. పాస్టరు క్రీస్తురాజుగారు అప్పుడే వచ్చేసినట్టున్నారు.

అక్కా తమ్ముడూ లోపలికి వచ్చేసరికి ఇల్లు నిండిపోయింది. పాట అయిపోయింది. జయశీల నడిమింట్లో మోకాళ్ళ మీద ఉంది. పాస్టరుగారు మెత్తగానే అడిగారు, దేవునికి తెలియనిది ఏదీ లేదమ్మా అన్నారు. ఆమె చాప మీది పిల్ల వైపు ఒకసారి చూసింది. ఆ తరువాత లేని బలం తెచ్చుకుని, అందరికీ వినబడేలా చెప్పింది.

“కట్టించుకున్నా. గంగులయ్య దగ్గర తాయెత్తు కట్టించుకున్నా. నాది తప్పే. నా బిడ్డను వదలమని అడగండయ్యా.”

స్తోత్రం అన్నారు అందరూ. కొందరు ఆడవాళ్ళు ఏడ్చారు. పాపం, సమాధానం కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆయన కక్షతో అడగలేదు కదా, బిడ్డ బతకాలనే అడిగాడు. ఇక భయం లేదు, పిల్లకు కాస్త బలం పట్టాలన్నాడు. ఆయనే పోయి వంటపాకలో మధ్యాహ్నం మిగిలిన గంజి గిన్నెలో పోసుకుని తెచ్చాడు. పిల్ల పక్కన కూర్చుని, తల ఎత్తి తన మోచేతి మీద పెట్టుకున్నాడు.

“ఆ గంజి పొయ్యబాకండి.”

ఆయన తల తిప్పి చూశాడు. ఇంట్లో అందరూ చూశారు.

“బియ్యంలో మందుంది,” అంది ఎలిశబెతు. “పురుగు పడతావుందని నేనే కలిపినా.”

సమాధానం చేతిలో చెంచా అట్లాగే ఉంది. ఏం మందని పాస్టరుగారు అడిగారు. హెబ్రోను ముందుకు వచ్చి పేరు చెప్పాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో చెప్పాడు. ఏమీ దాచకుండా చెప్పాడు. నూనె, పాలు తాగించవద్దనీ, తెల్లారేదాకా ఆగకుండా నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవాలనీ చెప్పాడు. ఒకావిడ అప్పటికే గుమ్మం దాటి పరుగెత్తింది, మిగిలిన ముగ్గురు విధవరాళ్ళ ఇళ్ళకు, పొయ్యి మీద కుండలు దించమని చెప్పడానికి.

జయశీల మోకాళ్ళ మీది నుంచి లేచింది. కోపం లేదు ఆ ముఖంలో. ఏదో వెలుగు వంటిది ఉంది. దయ్యానికి మందు లేదు కానీ విషానికి డాక్టరున్నాడు.

“నీకెప్పుడు తెలిసిందక్కా?”

చెప్పాల్సింది ఒక్క మాట. ఎలిశబెతు నోటిదాకా వచ్చింది కూడా. ఇంటి నిండా మనుషులు, భర్త చూపు, పాస్టరు చూపు. ఆ చూపులు ఇంకా పూర్తిగా మారలేదు. పొరపాటున కలిపిందిలే అన్న దయ ఇంకా వాటిలో ఉంది.

“ఇప్పుడే,” అంది. “తమ్ముడొచ్చి చెప్తే తెలిసింది.”

హెబ్రోను అక్క వైపు ఒక్కసారి చూసి, తల దించుకున్నాడు. జయశీల ఎలిశబెతు చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నువ్వు చెప్పబట్టి నా బిడ్డ దక్కింది, ఇంకొకరైతే దాచి ఉండేవాళ్ళు అంది. నలుగురూ అవునన్నారు. సమాధానం మాత్రం, గురువారం పూడ్చిన పెట్టలు గుర్తొచ్చాయో ఏమో, గిన్నె పక్కన పెట్టి, భార్య ముఖం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపును ఎలిశబెతు తట్టుకోలేక బండి కట్టించడానికి బయటికి పోయింది.

ముత్యాలయ్య తన ఎద్దుల బండి కట్టాడు. ఆరు గంటలకు అల్లూరులో నెల్లూరు బస్సుంది. బస్సును ఆపి ఉంచడానికి హెబ్రోను సైకిలు మీద ముందు పోయాడు. బండిలో పిల్లతో జయశీల, ఎలిశబెతు కూర్చున్నారు. నేనొస్తానని ఎలిశబెతే ఎక్కింది. మూడు రోజుల ఉపవాసంతో జయశీల కూర్చోవడానికే తూలుతోంది. అందుకని పిల్ల తల ఎలిశబెతు ఒడిలో పెట్టారు.

ఎండ వాలింది. దారికి రెండు పక్కలా నాట్లు వేసిన మడులు. పిల్ల ఊపిరి సన్నగా ఆడుతోంది. ఎలిశబెతు ఆ ఊపిరినే చూస్తూ కూర్చుంది. దేవుణ్ణి ఏమైనా అడుగుదామంటే మాట రావడం లేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

కాలవ దాటాక జయశీల మెల్లగా పిలిచింది.

“అక్కా, ఒకటి అడుగుతా. ఎవరికీ చెప్పబాక.”

“అడుగు.”

“నేను తాయెత్తు కట్టించలా. గంగులయ్య గడప కూడా తొక్కలా. ఒప్పుకుంటే బిడ్డకు తగ్గుద్దేమోనని అట్ట చెప్పినా. దేవుని ముందర, అంతమంది ముందర అబద్ధం చెప్పినా.” ఆమె కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. “పెద్దదానివి, బైబిలు చదివినదానివి. ఆయన నన్ను క్షమిస్తాడంటావా?”

క్షమిస్తాడని చెప్పడానికి ఎలిశబెతు నోరు తెరిచింది. ఆ మాట అనే అర్హత ఆ బండిలో తనకు తప్ప ఎవరికైనా ఉంది. ఎద్దులను తోలే ముత్యాలయ్యకు ఉంది. తనకు లేదు.

“నాకు గురువారమే తెలుసు జయశీలా.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. “ఏంది తెలిసింది?”

“బియ్యం సంగతి. తెలిసీ ఈరోజు గంజి కాసినా. నా పేరు పోతుందని నోరు మూసుకున్నా. ఇందాక ఇంట్లో చెప్పింది అబద్ధం.”

జయశీల అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే, ఒక దెబ్బ కొట్టి ఉంటే ఎలిశబెతుకు ఎంతో నయంగా ఉండేది. ఆమె ముందుకు వంగి, పిల్ల మెడ కింద చేయి దూర్చి, తలను ఎలిశబెతు ఒడిలోంచి ఎత్తుకుని తన ఒడిలో పెట్టుకుంది. కొంగు కప్పింది. ఒంట్లో బలం లేకపోయినా వదల్లేదు.

“బండి నిలబెట్టమంటావా? దిగిపోతా,” అంది ఎలిశబెతు.

జయశీల పిల్ల ముఖమే చూస్తోంది. మాట్లాడినప్పుడు కూడా తల ఎత్తలేదు.

“దిగబాక. ఎన్నాళ్ళు తిన్నాది, ఎంత తిన్నాది, డాక్టరు అడుగుతాడు. అది నీకే తెలుసు. నా బిడ్డ బతికేదాకా నువ్వు నా పక్కనే ఉండాల.”

అక్కా అనలేదు ఈసారి. ముత్యాలయ్యను తొందరగా తోలమని చెప్పి, పిల్ల నుదుటి మీద చేయి వేసి కూర్చుంది.